ఒక్క మాటైనా అనకుండానా?

క్లెమ్ చచ్చిపోయాడని ఉత్తరం వస్తే వాళ్ళమ్మ బెట్సీ ఏడవలేదు సరికదా, దాన్ని తెచ్చిన పోస్టుమాన్‌ని వీధి చివరిదాకా తరుముకుంటూ వెళ్ళి మళ్ళీ అతని చేతిలోనే పెట్టబోయింది.

"ఇది మాది కాదు నాయనా. ఎవరిదో పొరపాటున మా ఇంటికొచ్చింది. తీసుకెళ్ళి అసలు వాళ్ళకివ్వు," అంది.

పొరపాటేమీ లేదు. క్లెమెంట్ ఒర్మరాడ్ అని పేరు సరిగ్గానే ఉంది. పటాలం పేరూ సరిగ్గానే ఉంది. రాసింది వాడి పైఅధికారి అయిన లెఫ్టినెంటు. మంచి చదువు చదివిన కుర్రాడే అయ్యుంటాడు, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మీ అబ్బాయి ఫ్రాన్సులో కందకంలో కాపలా ఉండగా శత్రువు తూటా తగిలింది, ఏ బాధా పడలేదు, ఒక్క మాటైనా అనకుండా క్షణంలో కన్ను మూశాడు, ఆ సమయంలో నేను పక్కనే ఉన్నాను, అని రాశాడు. కన్నతల్లికి కాస్త ఊరటగా ఉంటుందని రాశాడు పాపం. ఆ ఊరటే కొంప ముంచింది.

"ఒక్క మాటైనా అనకుండానా?" అంది బెట్సీ, ఎదురింటి సెలీనాతో. "మా క్లెమా? బాప్తిస్మం నాడు నెత్తిన నీళ్ళు పోస్తుంటే పాదిరీ గారితో తగువేసుకున్నాడే, వాడా? నిద్రలో కూడా వాగే వెధవ, చచ్చేటప్పుడు నోరు మూసుకుంటాడా? చాల్లే సంబడం! ఎవడో నోరు లేని పిల్లాడు పోయాడు. వాడి తల్లి ఎవరో, దానికి ఇంకా తెలీదు. అది తల్చుకుంటేనే నా కడుపు తరుక్కుపోతోంది."

 మా వీధిలో ఎవరింట్లో మనిషి పోయినా కిటికీ తెరలు దించుతారు. బెట్సీ మర్నాడు పొద్దున్నే తెరలు తీసి, అద్దాలు కూడా తుడిచి, చెక్కబూట్లు టకటకలాడించుకుంటూ మిల్లుకి వెళ్ళిపోయింది.

ఆవిడకి మతి పోయిందని ఊరంతా అంది. నేను మాత్రం అనను. క్లెమ్‌ని ఎరిగినవాళ్ళెవరూ ఆ మాట అనకూడదు. వాణ్ణి గురించి తెలియాలంటే ముందు మా ఊరి మాటల సంగతి తెలియాలి.

మా లాంకషైర్‌లో నేతమిల్లు లేని ఊరుంటే అది ఊరే కాదు. మగ్గాల షెడ్డులో అడుగు పెట్టారంటే మీ మాట మీకే వినపడదు. అన్ని మగ్గాల్లోనూ నూలు మోసే నాడెలు ఒకేసారి అటూ ఇటూ కొట్టుకుంటూ ఉంటే పక్కన పిడుగు పడినా తెలియదు. అందుకని మావాళ్ళు గొంతుతో మాట్లాడటం ఎప్పుడో మానేశారు. పెదాలు బాగా సాగదీసి, కనుబొమలెగరేసి, చప్పుడనేది లేకుండా మాట్లాడుకుంటారు. షెడ్డు ఈ మూల నుంచి ఆ మూలకి కూరలు, కాన్పులు, పెళ్ళి సంబంధాలు, తిట్లు, అన్నీ పెదాల మీదే నడుస్తాయి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు చూడండి, మా ఊళ్ళో అయితే తప్పంతా ఊదినవాడిదే. నోటికి అంత వస్తువు అడ్డం పెట్టుకుంటే ఏం మాట్లాడినట్టు?

అలవాటు షెడ్డుతో ఆగదు. వీధికి అటూ ఇటూ కిటికీల్లో నిలబడి కబుర్లు చెప్పుకుంటారు. గోడలకి చెవులుంటాయని మిగతా ఊళ్ళల్లో భయం. మా ఊళ్ళో భయమంతా కిటికీలకుండే కళ్ళ గురించే. అన్నం తినడం కన్నా ముందు పిల్లలకి నేర్పే మర్యాద ఒకటుంది. ఎదుటివాడు మాట్లాడుతుంటే మొహం చూడాలి, నువ్వు మాట్లాడేటప్పుడు మొహం చూపించాలి. మొహం దాచుకుని జవాబు చెబితే బెట్సీ గడ్డం కింద ఒక్కటేసేది. క్లెమ్ చిన్నప్పుడు ఆ దెబ్బలు తిని తిని, తర్వాత చీకట్లో మాట్లాడాల్సి వచ్చినా దీపం దగ్గరికి పరిగెత్తేవాడు.

వాడి తండ్రి జేబెజ్ మిల్లు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి తొందరగానే పోయాడు. బెట్సీ ఒక్కతే నాలుగు మగ్గాలు నడుపుతూ పిల్లాణ్ణి పెంచింది. వాడు మగ్గాల కింద పాకుతూ పెరిగి, పన్నెండేళ్ళకే పొద్దున మిల్లుకీ మధ్యాహ్నం బడికీ వెళ్ళి, బళ్ళో హాయిగా నిద్రపోయి, ఇంకో ఏడాదికి పూర్తిగా మిల్లువాడైపోయాడు. తెలివైనవాడు, చేతులు చురుకు, అందగాడు మాత్రం కాదు. చెవులు రెండూ జగ్గు పిడుల్లా నిలబడి ఉండేవి. అంత పెద్ద చెవులుండీ, మగ్గాల మోతకి వాటిలో సగం పని చేసేవి కావు.

వాడికున్న జబ్బల్లా ఒకటే. ఎవరైనా కథ తప్పు చెబితే వాడికి ఒళ్ళు మండిపోయేది. మేస్త్రీ తాను పట్టిన చేప మూరెడుందని షెడ్డు ఆ చివర చెబితే, ఈ చివర నుంచి క్లెమ్ మగ్గం ఆపేసి, బల్లెక్కి, అందరికీ మొహం కనిపించేలా నిలబడి, "కాదెహె! జానెడే. నేను చూశా," అనేవాడు. జీతం కోసినా బుద్ధి రాలేదు. పెళ్ళికూతురి వయసు, పాదిరీ గారి పాత ప్రసంగం, పక్కింటి పిల్లి ఎన్నోసారి ఈనిందీ, అన్నిటికీ వాడి దగ్గర "కాదెహె" సిద్ధంగా ఉండేది. ఒకసారి పోలీ అనే అమ్మాయిని ఆదివారం షికారుకి రమ్మని షెడ్డు ఇవతల నుంచి అడిగాడు. ఆ పిల్ల నోరు తెరిచేలోగా మధ్యలో ఉన్న ఆడవాళ్ళందరూ ఆమె వైపు తిరిగి, "వెళ్ళకే తల్లీ, వాడు నిన్నొక్క ముక్క చెప్పనివ్వడు," అన్నారు. "కాదెహె, చెప్పనిస్తాను!" అన్నాడు క్లెమ్. పోలీ వెళ్ళలేదు.

వాడికి ప్రాణస్నేహితుడు సెలీనా కొడుకు ఈనక్. ఎదురిల్లే, ఈడూ జోడూ. ఈనక్ కథలు చెప్పేవాడు, క్లెమ్ దిద్దేవాడు. ఒకడు లేకపోతే ఇంకొకడికి పూట గడిచేది కాదు. యుద్ధం మొదలై, ఊళ్ళో కుర్రాళ్ళంతా కలిసి ఒకే పటాలంగా చేరవచ్చని డప్పు కొట్టి చెప్పగానే ఇద్దరూ మిల్లు నుంచి తిన్నగా వెళ్ళి వరసలో నిలబడ్డారు. క్లెమ్‌కి ఇంకా వయసు రాలేదు. ఒక ఏడాది కలిపి చెప్పాడు. అంతా సరిగ్గా చెప్పాలనే మనిషి జన్మలో చెప్పిన అబద్ధం అదొక్కటే, అదీ అలాంటి చోట.

డాక్టరు చెవుల పరీక్ష చేశాడు. కుర్రాడి వెనక నిలబడి గుసగుసగా అంకెలు చెబితే కుర్రాడు తిరిగి చెప్పాలి. క్లెమ్‌కి గుసగుస కాదు, గుర్రం సకిలించినా సగమే వినపడుతుంది. కానీ ఎదురుగా మందుల బీరువా ఉంది, దాని తలుపుకి అద్దం ఉంది, అద్దంలో డాక్టరు గారి పెదాలు కనిపిస్తున్నాయి. క్లెమ్ అంకెలన్నీ గడగడా అప్పజెప్పాడు. పైగా చివర్లో, "మూడోది ముందు ఏడు కాదండీ, మీరు తొమ్మిదనబోయి మార్చుకున్నారు," అని కూడా అన్నాడు. ఇలాంటి చెవులు ఈ జిల్లాలోనే చూడలేదని డాక్టరు మెచ్చుకుని సంతకం పెట్టాడు. ఇంటికొచ్చి వాడది చెబితే బెట్సీకి నవ్వాలో నెత్తి బాదుకోవాలో తెలియలేదు. పెదాలు చదవడం నేర్పింది తనే కదా. నవ్వింది. ఆ తర్వాత వెనక పెరట్లోకి వెళ్ళి కాసేపు ఒక్కతే నిలబడి వచ్చింది.

ఫ్రాన్సు నుంచి క్లెమ్ ఒకే ఒక్కసారి సెలవు మీద వచ్చాడు. రైలు దిగి, వీధి మలుపు దగ్గరే మొదలుపెట్టాడు మాటలు. గుమ్మంలో నిలబడ్డ బెట్సీకి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. వాడి మూతి మీద మీసం మొలిచింది.

మీసమంటే మీసమని కాదు. పిల్లి పాలు తాగి మూతి తుడుచుకోకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది. కానీ వాడు దానికి మైనం రాసి, పై పెదవి మీదికి దువ్వి, రోజుకి పదిసార్లు అద్దం చూసుకుంటున్నాడు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్న సామెత ఎవరి కోసం పుట్టిందో బెట్సీకి ఆ రోజు తెలిసింది.

"ఏంట్రా ఆ పొద? నీ మాట నాకు వినపడ్డం లేదు. పై పెదవి ఎక్కడుందో కూడా తెలీడం లేదు. గొరిగించు ముందు," అంది.

"కుదరదమ్మా. పై పెదవి గొరగకూడదని సైన్యంలో రూలు. గొరిగితే సార్జంటు తోలు వలిచేస్తాడు."

"ఏమంటున్నావో! మళ్ళీ చెప్పు."

"రూలమ్మా, రూలు!"

"పాలా? పాలెందుకురా ఇప్పుడు?" అంది బెట్సీ. ఆవిడకి అర్థం కాక కాదు. మా ఊళ్ళో మీసాలున్న మగాళ్ళని ఆడవాళ్ళు ఎప్పుడూ ఇలాగే ఏడిపిస్తారు.

మర్నాడు మధ్యాహ్నం ఉల్లిపాయలేసి ఉడికించిన బోటీ కడుపునిండా తిని వాడు కుర్చీలో కునుకు తీశాడు. బెట్సీ కత్తెర తెచ్చింది. పెదవి మీదికి వాలిన అంచు కాస్త కత్తిరిద్దామని వంగింది. అప్పుడు చూసింది, నిద్రలో వాడి పెదాలు కదులుతున్నాయి. చప్పుడు లేదు. మీసం ఉన్నా లేకపోయినా ఈ మాట మాత్రం ఆవిడ చదవగలిగింది. "తల దించు. తల దించరా," అంటున్నాడు, అదే మాట మళ్ళీ మళ్ళీ. నుదురంతా చెమట పట్టింది.

 బెట్సీ ఆ పెదాలనే చదువుతూ, అంచు కత్తిరించబోయి మధ్యలో ఒక ముక్క ఎగరగొట్టింది. వాడు లేచి అద్దం చూసుకుని పెట్టిన కేకలకి వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. చెవులు సరిగ్గా పనిచేసేవాళ్ళకి అదొక శిక్ష.

ఆ సాయంత్రం ఆవిడ అడిగింది. "అక్కడ ఎలా ఉంటుందిరా?"

"ఎలా ఉంటుంది? బురద. ఎలకలు. ఈనక్ గాడి కథలు. ఎలకలే నయం, అవి ఒకే కథని రెండు రకాలుగా చెప్పవు."

"భయమేస్తుందా?"

"కాదెహె, భయమేంటమ్మా? అదీ మన షెడ్డులాంటిదే. మోత ఎక్కువ, జీతం తక్కువ. మిగతా ఊళ్ళవాళ్ళు బాంబుల మోతలో ఒకరి మాట ఒకరికి వినపడక చస్తుంటే మేము సుఖంగా కబుర్లు చెప్పుకుంటాం. ఆఫీసర్లకి అర్థం కాదు. మా లెఫ్టినెంటు మేమంతా ఎప్పుడూ ఏదో నములుతున్నామనుకుంటాడు."

నవ్వించాడు. సెలవంతా ఆగకుండా మాట్లాడాడు, నిద్రలో కలవరించిన ఆ ఒక్క సంగతి తప్ప. అది దాస్తున్నాడని ఆవిడకి తెలుసు, తెలుసని వాడికీ తెలుసు. వెళ్ళేరోజు రైలు కూత, ఆవిరి, ఏడ్పులు, బ్యాండు మోత. కిటికీలోంచి తల బయటపెట్టి వాడు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. అల్లం రొట్టె పంపమ్మా, క్రితంసారి బెల్లం తక్కువేశావు, నువ్వు ఒప్పుకోవు గాని తక్కువేశావు అన్నాడు. బెట్సీ ప్లాట్‌ఫారం మీద నుంచి "తక్కువెయ్యలేదు!" అంది. మొహం చుక్కంత అయ్యేదాకా అదే వాదన.

అలాంటివాడు ఒక్క మాటైనా అనకుండా చచ్చిపోయాడని ఎవరో రాస్తే, ఏ తల్లి నమ్ముతుంది చెప్పండి?

పాదిరీ గారు వచ్చారు. ఆదివారం ప్రార్థనలో పోయిన కుర్రాళ్ళ పేర్లు చదువుతున్నాం, క్లెమ్ పేరు కూడా చదువుతామన్నారు. "చదివారంటే ప్రార్థన మధ్యలో లేచి నిలబడతా," అంది బెట్సీ. "బతికున్నవాడికి ఎవరైనా తద్దినం పెడతారా? ఆయుక్షీణం." మిల్లు మేనేజరు వచ్చాడు. రెండు రోజులు సెలవు తీసుకోమన్నాడు. "ఎందుకూ? మా వాడికి పెళ్ళా?" అంది. షెడ్డులో ఆడవాళ్ళు ఆవిడ మీద జాలి పడాలన్నా ఆవిడ వీపు తిరిగేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ జాలి పెదాలు కూడా ఆవిడ ఎదురుగా మగ్గానికున్న మెరిసే ఇత్తడి బిళ్ళ మీద నీడల్లో చూసేసి, వెనక్కి తిరగకుండానే జవాబిచ్చేది.

కానీ ఇంట్లో ఒక్కతే ఉన్నప్పుడు ఆవిడ మనసు వేరే దారి పట్టింది. ఉత్తరాలు ఆగిపోయాయి, అది మాత్రం నిజం. మరి వాడెందుకు రాయడం లేదు? ఆలోచించి ఆలోచించి ఆవిడ ఒక నిర్ణయానికి వచ్చింది. దవడకి దెబ్బ తగిలి ఉంటుంది. నోటికి పెద్ద కట్టు కట్టి ఎక్కడో ఆసుపత్రిలో పడుకోబెట్టి ఉంటారు. మాట్లాడలేక, పేరు చెప్పలేక, వాడెవడో ఎవరికీ తెలియక, లెఫ్టినెంటు పొరబడి ఉంటాడు. అందుకే ఒక్క మాటైనా అనలేదు! ఈ ఆలోచన వచ్చాక ఆవిడకి రెండు పూటలు కాస్త అన్నం సహించింది. కట్టు విప్పిన రోజున వాడు ఎంత వాగుతాడో తల్చుకుని ఒంటరిగా నవ్వుకుంది కూడా.

"సెలీనా, వాడు దొరికాక ఆ మీసం మాట ఎత్తను. ఉంచుకోనీ," అంది ఒకరోజు. సెలీనా కిటికీ దగ్గర నుంచి తప్పుకుంది. ఏడుపు మొహం చూపించడం ఇష్టం లేక.

అలా ఉండగా ఈనక్ తిరిగి వచ్చాడు. ఎడమ చేయి మోచేతి దాకా లేదు. చెవులు పూర్తిగా పోయాయి, పక్కనే గుండు పేలితే. మా ఊళ్ళో చెవుల్లేకపోవడం పెద్ద లోటు కాదు గాని, చేయి లేకపోవడం లోటే. నేతగాడికి మరీను.

వాడు వచ్చి వారం కావస్తున్నా వీధిలోకి రాలేదు. వాళ్ళ ముందు గది కిటికీకి తెర వేసే ఉంది. ప్రాణస్నేహితుడి తల్లి ఎదురుగా ఉంటే పలకరించడానికైనా రాడా అని బెట్సీకి మొదట కోపం వచ్చింది. తర్వాత కోపం పోయి వేరే ఏదో వచ్చింది. మా ఊళ్ళో తెర వేసుకున్నవాడు దాస్తున్నది మొహం కాదు, మాట.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ వీధి దాటి వెళ్ళి సెలీనా ఇంటి తలుపు తోసింది. సెలీనా అడ్డం వచ్చింది. "ఇప్పుడొద్దే బెట్సీ, పిల్లాడికి ఒంట్లో బాగాలేదు," అంది.

"నా పిల్లాడి సంగతి అడగడానికొచ్చా. నువ్వు పక్కకి జరుగు," అంది బెట్సీ.

ఈనక్ పొయ్యి పక్కన కూర్చుని ఉన్నాడు. ఆవిణ్ణి చూసి లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. కళ్ళు నేలమీద. సెలీనా వంటింట్లోకి వెళ్ళిపోయింది. బెట్సీ వాడి గడ్డం కింద చేయి పెట్టి మొహం పైకెత్తి కిటికీ వైపు తిప్పింది. ఇక ఇద్దరి మధ్యా నడిచిందంతా చప్పుడు లేని మాటే. వాడికి చెవుల్లేవు, ఆవిడకి గొంతుతో పని లేదు.

"మావాడు ఏ ఆసుపత్రిలో ఉన్నాడ్రా?"

"పిన్నీ..."

"దవడకా దెబ్బ?"

"పిన్నీ, వాడు పోయాడు. తూటా తగిలింది. బాధ పడలేదు. ఒక్క మాటైనా అనకుండా..."

"ఆ ముక్క నాకు చెప్పకు!" బెట్సీ వాడి భుజం పట్టుకుని ఊపేసింది. "అది ఉత్తరంలో చదివా. అది లెఫ్టినెంటు ముక్క. నీ పెదాలు ఆ మాట దగ్గర తడబడ్డాయి. నువ్వు కూడా అక్కడే ఉన్నావు కదా? నువ్వు చూసింది చెప్పు. లేకపోతే నేను నమ్మను, చచ్చేదాకా నమ్మను."

 ఈనక్ ఇక తప్పదని తెలుసుకున్నాడు.

"ఆ ముందురోజు మా కందకం ఒకచోట కూలింది పిన్నీ. చీకటి పడ్డాక బాగుచేస్తారు, అందాకా అక్కడ ఎవరూ తల ఎత్తకూడదన్నారు. కూలిన మట్టికి అవతల క్లెమ్, ఇవతల నేను. మధ్యలో ఇసుక బస్తాలు. కూర్చుంటే వాడికి నా మొహమంతా కనిపిస్తుంది. నాకు మాత్రం వాడి కళ్ళే కనిపిస్తాయి, నోరు బస్తా వెనక. పొద్దున్నుంచీ గుళ్ళు కురుస్తున్నాయి. అంత మోత మన షెడ్డులో కూడా ఎప్పుడూ వినలేదు. మరి... వాడు భయపడ్డాడు పిన్నీ. నీకు చెప్పొద్దనే అనుకున్నా. అంతకుముందు ఎప్పుడూ అలా లేడు. పొద్దున తిన్నప్పట్నించీ ఒక్క మాట లేదు. కళ్ళు ఎటో చూస్తున్నాయి. ఏమడిగినా పలకడు. వాణ్ణి చూస్తే నాకు గుళ్ళకన్నా ఎక్కువ భయమేసింది."

 "అప్పుడు?"

"కథ చెప్పా. వాడు నవ్వుతాడేమోనని. మీరు బ్లాక్‌పూల్ వెళ్ళినప్పటి కథ."

ఆ కథ ఇది. మిల్లులన్నీ మూసేసే సెలవు వారంలో ఊరు ఊరంతా బ్లాక్‌పూల్ సముద్రం ఒడ్డున ఉంటుంది. క్లెమ్ అప్పటికి అమ్మ చెంగు పట్టుకు తిరిగే పిల్లాడు. ఈనక్‌కి ఆటలమ్మ పోసి ఇంట్లో అమ్మమ్మ దగ్గర ఉండిపోయాడు. సముద్రం ఒడ్డున బ్యాండు వాయిస్తున్నారు. జనానికి ఈ చివర బెట్సీ, ఆ చివర సెలీనా.

"నువ్వేమో మా అమ్మతో, 'ఒసే సెలీనా, ఆ బ్యాండు మేస్టారి పంట్లాం వెనక కుట్టు ఊడిందే, చొక్కా తోక బయటికొచ్చింది' అన్నావు," ఈనక్ పెదాలు నెమ్మదిగా కదిలాయి. "మీ ఇద్దరూ నవ్వుతున్నారు. ఇంతలో పాట అయిపోయి మేస్టారు దణ్ణం పెట్టడానికి ఇటు తిరిగాడు. ఆయనా ఒకప్పుడు నేతగాడే. మొత్తం చదివేశాడు. 'నాకూ తెలుసు తల్లీ, పొద్దున్నుంచీ చల్లగాలి తగులుతూనే ఉంది. సూదుంటే పట్టుకురా' అన్నాడు నీతో, పెదాలతో. అంతే, నువ్వు సిగ్గుతో చచ్చిపోయి, తింటున్న బోటీ పొట్లం కూడా అక్కడే పారేసి, పరుగో పరుగు..."

"కాదెహె!" అంది బెట్సీ.

తానెక్కడుందో, ఏం వినడానికొచ్చిందో ఆ క్షణాన ఆవిడకి గుర్తు లేదు. ఒళ్ళు మండిపోయింది. "పారిపోయింది నేనా? ఎవరు చెప్పారా మాట? పారిపోయింది మీ అమ్మ! నేను సూదీ దారం తీసుకుని వెళ్ళి, అంతమంది జనం ముందు ఆ మేస్టారి వెనక మోకాళ్ళ మీద కూర్చుని కుట్టాను. నేను కుడుతుంటే ఆయన రెండో పాట వాయించేశాడు. మా క్లెమ్ గాడు పక్కన నిలబడి దారం పట్టుకున్నాడు. వాణ్ణడుగు, కావాలంటే!"

ఈనక్ మొహం పాలిపోయింది. ఆవిడ కేసి అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"ఏంట్రా అలా చూస్తావు?"

"నాకు తెలుసు పిన్నీ," అన్నాడు. "పారిపోయింది మా అమ్మేనని నాకు ఎప్పట్నించో తెలుసు. కావాలనే తప్పు చెప్పాను. కథ తప్పు చెబితే వాడు ఊరుకోడు కదా. ఎలాగైనా వాడు మాట్లాడాలని... వాడి కళ్ళు మారాయి పిన్నీ, ఆ ముక్క దగ్గర. ఎటో చూస్తున్నవాడు నన్ను చూశాడు. నాకెంత సంతోషమైందో! అంతలోనే లేచాడు. నోరు కనిపించకపోతే నాకెలా తెలుస్తుంది, అందుకని లేచాడు. ఒక్క జానెడు. 'కాదెహె' అన్నాడు. 'మా అమ్మ కాదురా' అన్నాడు. 'మీ' అనబోతూ..."

ఈనక్ పెదాలు ఆగిపోయాయి. ఆ రోజు లెఫ్టినెంటు క్లెమ్ పక్కనే ఉన్నాడు. ఆయనకి ఒక్క మాటైనా వినపడలేదు. అబద్ధం రాయలేదు పాపం.

బెట్సీ చేతులు ఈనక్ భుజాల మీద నుంచి జారిపోయాయి. ఆవిడ వెనక్కి తిరిగి, మొహం వాడికి కనిపించకుండా, గోడ వైపు నిలబడింది. జీవితంలో ఎవరికీ చెయ్యని అమర్యాద అది. అలా తిరిగి, పెదాలతో కాదు, గొంతుతో, వంటింట్లో ఉన్న సెలీనాకి కూడా వినపడేలా అంది.

"వాడే. అయితే వాడే. నా కొడుకే."

అప్పుడు ఏడ్చింది. ఉత్తరం వచ్చిననాటి నుంచీ దాచిపెట్టిన ఏడుపంతా ఏడ్చింది. ఈనక్‌కి ఆ ఏడుపు వినపడలేదు, భుజాలు ఎగసిపడటం కనిపించింది. దగ్గరికి వెళ్ళే ధైర్యం లేక, పారిపోయే మొహం లేక వాడు ఉన్నచోటే నిలబడ్డాడు. తలుపు దగ్గరికి వచ్చిన సెలీనా శాలువా చెంగు నోట్లో కుక్కుకుంది.

చాలాసేపటికి బెట్సీ కళ్ళు తుడుచుకుని ఇటు తిరిగింది. పొయ్యి దగ్గర వాణ్ణి కూర్చోబెట్టి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, వాడి గడ్డం పట్టి పైకెత్తింది.

"తల దించుకుంటావేంట్రా? నీ నోరు కనపడ్డం లేదు," అంది. "నీ మీద నాకు కోపం లేదు. వాడి నోరు తెరిపించావు, అది చాలు. ఆ కథ మళ్ళీ చెప్పు. మొదట్నించీ. ఈసారి తప్పు చెప్పావంటే మాత్రం ఊరుకోను, మీ అమ్మ వింటోంది కూడా."

ఈనక్ మొహం వెలుతురు వైపు తిప్పుకుని, బ్లాక్‌పూల్ రైలెక్కడం దగ్గర నుంచి మొదలుపెట్టాడు.